నాన్నగారి డిజిటల్ రేడియో: రిపేర్ చేయించాలా, కొత్తది కొనేయాలా? (వైజాగ్)

సముద్రంపక్కిల్లు:

అందరికీ నమస్కారం అండి. మాది వైజాగ్ లాసన్స్ బే కాలనీ, మేడ మీదకెక్కితే సముద్రం కనపడుతుంది, అంత దగ్గర. మా నాన్నగారి రేడియో గురించి అడుగుతున్నా, పోస్ట్ కొంచెం పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

2010లో మా అక్క లండన్ నుంచి వస్తూ తెచ్చింది. డీఏబీ (అక్కడ వాడే డిజిటల్ రేడియో ప్రసార పద్ధతి), ఎఫ్ఎం రెండూ ఉన్న డిజిటల్ రేడియో, చెక్క పెట్టెలా ఉంటుంది, ముందు చిన్న డిస్‌ప్లే, పైన 5 బటన్లు, పక్కన తిప్పే నాబ్ ఒకటి. 6 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది, వెనకాల పెద్ద సెల్లు 4 పెట్టుకునే చోటు కూడా ఉంది కానీ మేం ఎప్పుడూ పెట్టలేదు. డీఏబీ నొక్కితే వెతికి వెతికి ఏమీ లేదని చూపిస్తుంది, ఎఫ్ఎం మాత్రం బాగా వచ్చేది. ఈ పదిహేనేళ్లూ రోజూ పొద్దున్నా సాయంత్రం మోగుతూనే ఉంది.

ఇప్పుడేమైందంటే, ఆన్ చేసిన పది పదిహేను నిమిషాలకి టక్కుమని ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి స్టార్ట్ అవుతోంది, సౌండ్ పెంచితే ఇంకా తొందరగా ఆగిపోతోంది. నాబ్ ఒకవైపు తిప్పితే సౌండ్ ఇంకోవైపు వెళ్తోంది, 8 నుంచి 9కి వెళ్లాల్సింది 6కి దిగి ఒకేసారి 14కి ఎగురుతోంది. డిస్‌ప్లే బాగా మసకబారిపోయింది, గదిలో లైట్ తీస్తే తప్ప అంకెలు కనపడవు. వెనకాల రబ్బరులా ఉండే భాగం చేత్తో పట్టుకుంటే జిగురు జిగురుగా అంటుకుంటోంది.

రెండు షాపుల్లో చూపించాను. ఒకాయన పెట్టె విప్పకుండానే "ఇది ఐసీ సెట్ అండి, పార్టులు దొరకవు, పడేసి కొత్తది తీసుకోండి" అన్నాడు. రెండో ఆయన రెండు రోజులు ఉంచుకుని బోర్డు పోయిందన్నాడు.

కొత్తది కొనడానికి డబ్బుల సమస్య కాదండి. నాన్నగారికి గ్లకోమా, ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కంటికి వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది అంతే. ఈ రేడియోలో మొదటి బటన్ ఆకాశవాణి వాళ్ల 102 రెయిన్‌బో ఎఫ్ఎం, మధ్య బటన్ మీద చిన్న చుక్కలా ఉబ్బు ఉంటుంది, దాన్ని వేలితో తడుముకుని మిగతావన్నీ లెక్కపెట్టుకుంటారు. చూపు ఉన్నప్పుడు అలవాటైన సెట్టు కాబట్టి ఇప్పుడు చెయ్యి దానంతటదే వెళ్తుంది. పోయిన నెల మా ఆవిడ ఒక కొత్త సెట్టు కొని తెచ్చింది, అన్నీ టచ్ బటన్లు, వేలు ఆనిస్తే చాలు స్టేషన్ మారిపోతోంది. రెండు రోజులు చూసి "మీరు వేసి పెట్టినప్పుడు వింటాలే" అన్నారు. ఆ మాట విన్నాక నాకు మనసు ఊరుకోలేదు.

మా తాతగారి మర్ఫీ రేడియో ముప్పై ఏళ్లు పాడింది. ఇవి ఎందుకు అన్నేళ్లు రావు? అసలు ఇలాంటి వాటి ఆయుష్షు ఎంత? ఇది బాగయ్యే అవకాశం ఉందా లేదా, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

---

గాజువాక వైఫై:

బ్రదర్, నా మాట వినండి, కొత్తది తీసుకోవడమే బెటర్. నా దగ్గర ఒక ఇంటర్నెట్ రేడియో ఉండేది, పదకొండు వేలు పెట్టి కొన్నాను, లోపల ఒక్క పార్ట్ కూడా పాడవలేదు కానీ స్టేషన్ల లిస్టు పంపే కంపెనీ వాళ్ల సర్వర్ ఆపేసింది, ఆ రోజు నుంచి అది ఉత్త స్పీకర్ డబ్బా. డిజిటల్ వస్తువుకి రెండు ఆయుష్షులు ఉంటాయి, ఒకటి వస్తువుది, రెండోది దాని వెనకున్న సర్వీస్‌ది, రెండోది ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి స్టేషన్లు చాలావరకు వస్తాయి, ఒక స్మార్ట్ స్పీకర్ పెడితే అంకుల్ గారు నోటితో చెప్తే చాలు, బటన్లు తడుముకునే పని ఉండదు. పాతదాని మీద ఖర్చు పెడుతూ పోతే అంతు ఉండదు.

---

టంకం మాస్టారు:

బాబూ, దాన్ని పడీకండి. ముందు నేను చెప్పింది చెయ్యండి, తర్వాత చూద్దాం.

నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్లు, నీటి లోతు చూసే ఎకో సౌండర్లు ముప్పై ఏళ్ల పైన బాగుచేసాను. ఉప్పుగాలిలో ఎలక్ట్రానిక్స్ ఎలా చస్తాయో ఎలా బతుకుతాయో రోజూ చూసిన చెయ్యి ఇది. మీరు చెప్పిన నాలుగు రోగాలూ నాలుగు వేరు వేరు రోగాలు, అన్నీ కలిపి "బోర్డు పోయింది" అనీసారు ఆయన.

మొదటిది, ఆగిపోయి మళ్లీ స్టార్ట్ అవడం, అందులోనూ సౌండ్ పెంచితే ఆగడం. నూటికి తొంభై అడాప్టరే. ఇవాళే 4 పెద్ద సెల్లు కొని వెనకాల వేసి, అడాప్టర్ పిన్ను పూర్తిగా తీసీసి నడపండి. సెల్లు మీద ఆగకుండా పాడితే రేడియో బాగున్నట్టే, జబ్బు అడాప్టర్‌లో ఉన్నట్టు. పైసా ఖర్చు లేని టెస్టు ఇది, సెల్లు ఎలాగూ పనికొస్తాయి. ఈ టెస్టు చెయ్యకుండా బోర్డు పోయిందని చెప్పినవాడు సెట్టు చూడనట్టే లెక్క.

అడాప్టర్ ఎందుకు పోతుందో చెప్తాను, మీరు ఆయుష్షు అడిగారు కదా, దానికి జవాబు ఇందులోనే ఉంది. లోపల చిన్న డబ్బాల్లా, కరెంటుని నిలవ ఉంచి సమంగా ఇచ్చే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి, మా కాలంలో కండెన్సర్లు అనేవాళ్లం. వాటిలో తడి ఉంటుంది, ఆ తడి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఆరిపోతుంది. మామూలు రకం ఒంటి మీద 105 డిగ్రీలు అని ఉంటుంది, కంపెనీ కాగితంలో ఆ వేడిలో 2000 గంటలు అని రాస్తారు. వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అని మా లెక్క. 65 డిగ్రీల్లో ఉంటే 32,000 గంటలు, అంటే ఇరవై నాలుగ్గంటలూ ప్లగ్గులో ఉంచితే మూడున్నరేళ్ల చిల్లర. అదే 45 డిగ్రీల్లో ఉంటే 1,28,000 గంటలు, అంటే పద్నాలుగున్నరేళ్లు. మీది 2010 నుంచి గోడకే ఉందంటున్నారు కదా, ఇంచుమించు దాని టైముకే అది పోనాది. రేడియో ఆపినా అడాప్టర్ ప్లగ్గులో ఉన్నంతసేపూ గోరువెచ్చగానే ఉంటది, ఆ కెపాసిటర్ ఆరుతూనే ఉంటది.

అడాప్టర్‌ని మాత్రం మీరు విప్పొద్దు. 230 వోల్టులు లోపలికెళ్లి డీసీ అయ్యాక 325 దాకా ఉంటది, ప్లగ్గు తీసాక కూడా కాసేపు కెపాసిటర్‌లో నిలబడి ఉంటది. కొత్త అడాప్టర్ కొనీండి. వోల్టులు అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది పాత అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటది, అది కొత్తదాంతో కలవాలి, తేడా వస్తే సెట్టు నిజంగానే పోతది.

ఇక తాతగారి మర్ఫీ మాట. అది ముప్పై ఏళ్లు దానంతటది పాడలేదు బాబూ, పాడించారు. వాల్వులు బలహీనపడితే పీకి కొత్తవి గుచ్చేవాళ్లు, కండెన్సర్లు కారిపోతే మార్చేవాళ్లు, డయల్ తాడు తెగితే కట్టేవాళ్లు. మెకానిక్ ఇంటికొచ్చేవాడు. ఇప్పటి సెట్లలో చిప్పు అంత తొందరగా చావదు, దాని చుట్టూ ఉన్న పది రూపాయల సామాన్లే ముందు పోతాయి. వాటిని మార్చీవాడు లేక చిప్పుని కూడా చెత్తలో వేసీస్తున్నారు. నాకు బాధ అక్కడే.

సెల్లు టెస్టు చేసి ఏమైందో ఇక్కడ రాయండి.

---

లీసెస్టర్ లో వైజాగ్:

మాస్టారు గారు చెప్పినదానికి నేను ఇటునుంచి కొంచెం కలుపుతానండి. ఇంగ్లాండ్‌లో ఇవి ప్రతి వంటింట్లోనూ ఉంటాయి, బీబీసీ డీఏబీ మొదలుపెట్టింది 1995లో. తర్వాత 2007 ప్రాంతంలో డీఏబీ ప్లస్ అని కొత్త పద్ధతి వచ్చింది, ముందు వాడిన కోడింగ్ వేరు, దీనిది వేరు, పాత సెట్లలో చాలావాటికి కొత్త కోడింగ్ అర్థం కాదు. అందుకని ఇక్కడ సెట్టు నిక్షేపంగా ఉన్నా స్టేషన్ ప్లస్‌లోకి మారిన రోజున మూగబోతుంది. నార్వేలో అయితే 2017లో జాతీయ స్టేషన్లన్నీ ఎఫ్ఎం ఆపేశాయి, అక్కడ ఎఫ్ఎం మాత్రమే ఉన్న రేడియోల్లో ఆ స్టేషన్లు రావడం ఆగిపోయింది.

కానీ మీ విషయంలో ఇదే మంచిదైంది చూడండి. ఇండియాలో డీఏబీ లేదు, మన ఆకాశవాణి మీడియం వేవ్‌లో తీసుకున్నది డీఆర్ఎం అనే వేరే పద్ధతి, ఆ డీఏబీ బటన్ అక్కడ పలకదు. నాన్నగారు వినేది ఎఫ్ఎం, దానికి సర్వర్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు. వైఫై గారు చెప్పిన రెండో ఆయుష్షు భయం ఈ సెట్టుకి లేదు, 102 మోగినన్నాళ్లూ ఇది మోగుతుంది.

డిస్‌ప్లే మసకబారడం మాత్రం అలాంటి సెట్లలో మామూలే. ఓఎల్ఈడీ రకమైతే లోపల వెలిగే పదార్థమే వాడేకొద్దీ అరిగిపోతుంది, మా అత్తగారి సెట్టు కూడా అలాగే అయింది. దాన్ని శుభ్రం చేసి తిరిగి తేలేం, డిస్‌ప్లే మార్చాల్సిందే, ఆ సైజు దొరకడం కష్టం. కానీ మీరు రాసింది చదువుతుంటే నాకు అనిపించింది, ఆ సెట్టులో బాగవ్వనిది ఆ డిస్‌ప్లే ఒక్కటే, నాన్నగారికి అక్కర్లేనిది కూడా అదొక్కటే.

---

పెదవాల్తేరు లక్ష్మి:

తమ్ముడూ, రేడియో రిపేర్ గురించి నాకు పెద్దగా తెలీదు కానీ ఫోనూ స్పీకరూ చాలు అన్న మాటకి మాత్రం ఒప్పుకోలేను. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మేం ఇక్కడే ఉన్నాం. కిటికీ అద్దాలు ఒక్కోటీ పగులుతుంటే పిల్లల్ని తీసుకుని బాత్రూంలో కూచున్నాం. సాయంత్రానికి గాలి తగ్గింది కానీ కరెంటు లేదు, ఫోన్ల సిగ్నల్ లేదు, పక్క వీధిలో ఏమైందో కూడా తెలీదు. మా ఇంటికి కరెంటు వచ్చేసరికి తొమ్మిది రోజులు. మా మామగారి పాత రెండు బ్యాండ్ల ట్రాన్సిస్టర్ అటక మీంచి దించి టార్చ్ లైట్లో సెల్లు తీసి వేస్తే, రాత్రయ్యాక మీడియం వేవ్‌లో గరగరలాడుతూ విజయవాడ దొరికింది. పొద్దున పూట అంత దూరం అందదు, చీకటి పడితే మీడియం వేవ్ ఆకాశంలో పైపొర తగిలి వెనక్కొస్తుందని మా అబ్బాయి తర్వాత చెప్పాడు. ఆ రాత్రి ఆ గొంతు విని మా అత్తగారు ఏడ్చేశారు.

అందుకే నేను చెప్పేది, ఆ సెట్టు బాగుచేయించండి, దాంతోపాటు చవకగా ఒక ట్రాన్సిస్టర్ కూడా కొని పెట్టండి, మీడియం వేవ్ ఉన్నది. మన విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్, లండన్ సెట్టులో ఆ బ్యాండ్ ఉండకపోవచ్చు. ఎల్ఈడీ బల్బుల పక్కనా చార్జర్ల పక్కనా పెడితే మీడియం వేవ్‌లో గుయ్యిమని మోత వస్తుంది, కిటికీ దగ్గర పెట్టుకోవాలి. వాడనప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టండి. మేం హుద్‌హుద్ అయ్యాక అలాగే వదిలేసి మర్చిపోయాం, రెండేళ్లకి తీస్తే సెల్లు కారి స్ప్రింగులు ఆకుపచ్చగా చిలుము పట్టి తినేసున్నాయి. ఆ రేడియో అలా పోగొట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

---

గాజువాక వైఫై:

లక్ష్మి అక్కా, హుద్‌హుద్ టైములో నేను హైదరాబాద్ హాస్టల్లో ఉన్నాను, మూడు రోజులు అమ్మావాళ్ల ఫోన్ కలవలేదు. మీరు చెప్పింది నిజమే, స్మార్ట్ స్పీకర్ ఆ రోజు పనికిరాదు. టచ్ బటన్ల సంగతి కూడా నేను సరిగ్గా చదవలేదు, అంకుల్ గారికి చేతికి తెలిసిన సెట్టే ఉండాలి. ఒక్కటి మాత్రం చెప్తాను, రిపేర్ ఖర్చుకి ముందే ఒక హద్దు పెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ అని పెట్టింది, అందులో చేరిన కంపెనీల సర్వీస్ వివరాలు ఉంటాయి, బయటి దేశం నుంచి తెచ్చుకున్న పాత సెట్టుకి అది పెద్దగా ఉపయోగపడకపోవచ్చు కానీ ఇంట్లో మిగతా సామాన్లకి చూసుకోండి.

---

సముద్రంపక్కిల్లు:

అందరికీ చాలా థాంక్స్ అండి. మాస్టారు గారూ, మీరు చెప్పినట్టే చేశాను. నిన్న సాయంత్రం సెల్లు వేసి ఆన్ చేస్తే రాత్రి పడుకునేదాకా, మూడున్నర గంటలు, ఒక్కసారి కూడా ఆగలేదు. సౌండ్ పూర్తిగా పెంచి చూశాను, ఆగలేదు!! రెండు షాపులు తిరిగాను, పార్టులు దొరకవన్నారు, బోర్డు పోయిందన్నారు, సెల్లు వేసి చూడమని ఒక్కరూ అనలేదు.

ఇవాళ పొద్దున్న ఫ్రెండ్ దగ్గర మీటర్ తెచ్చి అడాప్టర్ కూడా చూశాం. ఊరికే కొలిస్తే 6.1 చూపించింది, బాగానే ఉంది కదా అనుకున్నాం. రేడియోకి పెట్టి సౌండ్ పెంచుతూ కొలిస్తే 4.2కి పడిపోయింది, అక్కడే టక్కుమని ఆగింది. 6 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ 350కి దొరికింది, మధ్యలో ప్లస్సే, బొమ్మ కలిపి చూసుకునే కొన్నాను. ఇప్పుడు దానిమీదే నడుస్తోంది.

నాబ్ మాత్రం అలాగే గెంతుతోంది, వెనకాల జిగురు కూడా అలాగే ఉంది. పెట్టె నేనే విప్పొచ్చా? సముద్రం పక్కనే కాబట్టి లోపల ఎలా ఉందోనని కూడా భయంగా ఉంది.

---

టంకం మాస్టారు:

చాలా సంతోషం బాబూ. భారం మీద, అంటే రేడియో నడుస్తుండగా కొలిచారు చూడండి, అదే అసలైన కొలత. ఊరికే కొలిస్తే చచ్చిన అడాప్టర్ కూడా బతికున్నట్టే చూపిస్తది.

పెట్టె విప్పొచ్చు. అడాప్టర్ తీసీసి, సెల్లు కూడా తీసీసి విప్పండి, అప్పుడు లోపల 230 లేదు కాబట్టి భయం లేదు. స్క్రూలు ఏది ఎక్కడిదో ఒక కాగితం మీద గుచ్చి పెట్టుకోండి, విప్పకముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

ఆ నాబ్ పాత రేడియో వాల్యూమ్ కంట్రోల్ లాంటిది కాదు, ఎన్‌కోడర్ అంటారు. లోపల చిన్న లోహపు నాలుకలు రెండు ఒక పళ్లచక్రం మీద పాకుతూ టిక్కు టిక్కు అని లెక్క పంపిస్తాయి, ఏది ముందు తగిలిందో చూసి కుడికి తిప్పారో ఎడమకి తిప్పారో సెట్టు తెలుసుకుంటది. ఆ నాలుకల మీద నల్లగా మసి పడితే లెక్క తప్పి వెనక్కీ ముందుకీ గెంతుతది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే దొరుకుతది, సన్న గొట్టంతో నాబ్ ఇరుసు పక్కన సందులో రెండు చుక్కలు వెళ్లేలా కొట్టి అటూ ఇటూ యాభై సార్లు తిప్పండి. తుప్పు తలుపులకి కొట్టే మామూలు నూనె స్ప్రే మాత్రం వాడొద్దు, ఆ జిడ్డుకి దుమ్ము పట్టి నెల తిరక్కుండా మళ్లీ మొదటికొస్తది. దానికీ లొంగకపోతే ఎన్‌కోడరే మార్చాలి, అది చిన్న సామానే.

తర్వాత అడాప్టర్ పిన్ను గుచ్చే సాకెట్టు బోర్డుకి అతికిన చోట భూతద్దం పెట్టి చూడండి. కాలు చుట్టూ వెంట్రుకంత గుండ్రటి గీత కనపడితే సోల్డరింగ్ విడిపోయినట్టే. 2006 జూలై నుంచి యూరప్‌లో సీసం లేని టంకమే వాడాలని రూలు, పాత సీసం టంకం 183 డిగ్రీలకి కరిగేది, ఇది 217కి గానీ కరగదు. పిన్ను పీకీ గుచ్చీ చేసిన చోట ముందు అక్కడే చిట్లుతది. అది మాత్రం సోల్డరింగ్ తెలిసినవాళ్ల చేత వేడి చేయించండి, అయిదు నిమిషాల పని.

ఉప్పు గురించి భయం సరైనదే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీరు లాక్కుంటది, మన ఊళ్లో అది రోజూ ఉండే తేమే. బోర్డు మీద తెల్లటి పొడి గానీ పచ్చటి చిలుము గానీ కనపడితే మెత్తటి బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి కడిగీండి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. జిగురు కూడా ఆ ఆల్కహాల్‌కే ఊడుతది, రబ్బరు పూత తేమకి కుళ్లిపోయి అలా అవుతది, మొత్తం తుడిచీస్తే కింద గట్టి ప్లాస్టిక్ వస్తది. పైన బటన్ల మీద మాత్రం రుద్దొద్దు, ఆ చుక్క అరిగిపోతే నాన్నగారికి కష్టం.

లక్ష్మి గారూ, ఆ సెట్టు ఇంకా ఉంటే పడీకండి. ఆల్కలైన్ సెల్లు కారితే దూదిని వెనిగర్‌లో ముంచి తుడిస్తే పొంగి దిగిపోద్ది, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. స్ప్రింగులు మరీ తినీసి ఉంటే అవి మార్చుకోవచ్చు.

---

పెదవాల్తేరు లక్ష్మి:

ఉందండి మాస్టారూ, అటక మీదే ఉంది. పడేయడానికి మనసొప్పలేదు. ఆదివారం దించుతాను.

---

సముద్రంపక్కిల్లు:

విప్పానండి. లోపల భయపడినంత లేదు, స్పీకర్ దగ్గర స్క్రూలు రెండు తుప్పు పట్టాయి, సాకెట్టు కాలు దగ్గర మీరు చెప్పిన గీత సన్నగా ఉంది, మా ఫ్రెండ్ అతికించి పెట్టాడు. నాబ్‌కి స్ప్రే కొట్టి యాభై కాదు, వంద సార్లు తిప్పాను, మొదట్లో ఒకటి రెండు సార్లు గెంతింది, ఇప్పుడు ఒక్కో అంకె సరిగ్గా వెళ్తోంది. జిగురు తుడవడానికే రెండు గంటలు పట్టింది, పాత బనియన్ గుడ్డ మొత్తం నల్లగా అయిపోయింది. పాత అడాప్టర్ చెత్తబండిలో వేయకుండా పక్కన పెట్టాను, ఈ-వేస్ట్ తీసుకునే వాళ్లెవరైనా తెలిస్తే చెప్పండి.

సెట్టు మళ్లీ నాన్నగారి మంచం పక్కన స్టూల్ మీద అదే చోట పెట్టాను. చెప్పలేదు. పొద్దున్న నేను వంటింట్లో టీ పెడుతుంటే నాన్నగారి గదిలోంచి పాటలు వినిపించాయి, వెళ్లి చూస్తే మధ్య బటన్ మీద వేలు ఆనించి కూచున్నారు. "వెనకాల నున్నగా ఉందేంట్రా, మార్చేశారా?" అని అడిగారు. అదే సెట్టు నాన్నా, జిగురు తుడిచాను అన్నాను. సౌండ్ ఒక అంకె పెంచుకున్నారు.